చిత్తూరు సీమ ఆకలి, ముడిధాన్యం

తిరుమలలో నిత్యాన్నదానం 1985లో మొదలైంది. తరిగొండ వెంగమాంబ పేరిట నిర్మించిన అన్నప్రసాద భవనంలో ఈనాడు వేలాది మంది భక్తులు ప్రతిరోజూ పంక్తిలో కూర్చుని భోజనం చేస్తున్నారు. కొండ కింద తిరుపతి, చిత్తూరు జిల్లాల పల్లెలలో కూడా పూటల తరబడి పొయ్యి వెలగని ఇళ్లు రెండు తరాల కిందటితో పోలిస్తే బాగా తగ్గాయి. 1983లో వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం పథకం ఆ మార్పుకు ముఖ్య కారణాలలో ఒకటి. అయినా ఆకలి తీరిపోయిందని చెప్పడానికి వీలు లేదు. 2019-21 మధ్య జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్లలోపు పిల్లల్లో 31.2 శాతం మంది వయసుకు తగిన ఎత్తు పెరగలేదు. ఆరు నెలలు దాటి ఐదేళ్లు నిండని పిల్లల్లో 63.2 శాతం మందికి, 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. అదే సర్వేలో అదే వయసు స్త్రీలలో 36.3 శాతం మంది అధిక బరువుతో ఉన్నట్లు కూడా తేలింది. రక్తం చాలకపోవడం, బరువు పెరగడం అనే రెండూ ఒకే సమాజంలో, తరచుగా ఒకే ఇంట్లో, కొన్నిసార్లు ఒకే మనిషిలో కనిపిస్తున్నప్పుడు, కడుపు నిండిందా లేదా అన్న పాత ప్రశ్న సరిపోదు. కడుపు దేనితో నిండిందన్నది అడగవలసి వస్తుంది.

పాత ప్రశ్నకు ఈ సీమలో సుదీర్ఘమైన చరిత్రే ఉంది. 1876-78 నాటి ధాత కరువులో, చిత్తూరు ఇంకా ఉత్తర ఆర్కాటు జిల్లాలో భాగంగా ఉన్న రోజుల్లో, కరువు పనులకు వచ్చిన కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునని కరువు పరిశీలనకు వచ్చిన బ్రిటిష్ అధికారి రిచర్డ్ టెంపుల్ నిర్ణయించాడు. అంత తక్కువ కూలి, పనిచేసే మనిషిని నిలబెట్టలేదని మద్రాసు రాజధాని పారిశుద్ధ్య కమిషనరు కార్నిష్ గట్టిగా వాదించాడు. ఆనాటి చర్చ ప్రధానంగా ధాన్యం తూకం చుట్టూ తిరిగింది. స్వతంత్ర భారతంలో చౌకధరల దుకాణం కూడా చాలాకాలం తూకాన్నే చూసింది. కరువు నుంచి జనాన్ని కాపాడడానికి ఆ దృష్టి అవసరమే. దానిని చులకన చేయడం కడుపు నిండినవారికి మాత్రమే సాధ్యమైన పని. కాని తూకం సరిపోయిన తరువాత ఆ ధాన్యం ఏమిటి, మరలో దానిలోంచి ఏమి పోయింది, విస్తరిలో దాని పక్కన ఏముంది అన్న సంగతులు ముందుకు వస్తాయి.

ధాన్యపు గింజలో మూడు భాగాలు ఉంటాయి. మధ్యలో ఎక్కువ చోటు ఆక్రమించేది పిండిపదార్థం. దానిని కప్పి ఉండే పలుచని పొరలే మరలో తవుడుగా రాలుతాయి. ఒక కొసన మొక్కగా మొలకెత్తే అంకురం ఉంటుంది. బి విటమినులు, ఇనుము, పీచు, నూనె చాలావరకు తవుడులోను అంకురంలోను ఉంటాయి. నూరు కిలోల వడ్లు మరపట్టించి ప్రభుత్వానికి లెక్క చెప్పేటప్పుడు మిల్లు ఇవ్వవలసిన పచ్చిబియ్యం 67 కిలోలు. మిగిలినదానిలో సుమారు ఇరవై కిలోలు మనిషి తినలేని ఊక. ఎనిమిది నుంచి పది కిలోల వరకు ఉండే తవుడు మాత్రం నూనె తీసే కర్మాగారానికో, పశువుల తొట్టికో పోతుంది. గేదె పోషణకు అది మంచిదే కాని, ఆ ఇంటి బాలింతకు దక్కవలసినది కూడా అందులోనే ఉంది.

ఈ నష్టం ఎంతటిదో తెలుగువారికి కొత్తగా చెప్పవలసిన పని లేదు. మరబియ్యం వ్యాపించిన తరువాత ఉత్తర సర్కారు జిల్లాలలో, అంటే నేటి కోస్తాంధ్రలో, బెరిబెరి ప్రబలింది. కాళ్లు తిమ్మిరెక్కి, నీరు పట్టి, గుండె దెబ్బతినే ఆ జబ్బుకు కారణం తవుడుతో పాటు పోయిన థయమిన్ అనే బి1 విటమిను. ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాలలో ఆ జబ్బు తక్కువగా ఉండేది; వడ్లు ఉడికేటప్పుడు ఆ విటమినులో కొంత గింజ లోపలికి చేరుతుంది కాబట్టి పాలిష్ పట్టినా పూర్తిగా పోదు. 1918లో నీలగిరుల్లోని కూనూరులో వైద్య పరిశోధకుడు రాబర్ట్ మెక్‌కారిసన్ ఆధ్వర్యంలో బెరిబెరి పరిశోధనకు మొదలైన చిన్న విభాగమే పెరిగి పెద్దదై, హైదరాబాదుకు తరలి, నేటి జాతీయ పోషకాహార సంస్థ అయింది. దేశానికంతటికీ ఆహార మార్గదర్శకాలు చెప్పే సంస్థ పుట్టుక వెనుక మరబియ్యం తెచ్చిన జబ్బు ఉందన్నది గుర్తుంచుకోదగిన విషయం.

ఇటీవలి సంవత్సరాలలో చౌకదుకాణాలలో ఇచ్చే బియ్యంలో నూటికి ఒక పాలు చొప్పున ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపిన పోషక గింజలను చేరుస్తూ వచ్చారు. తవుడు తీసివేసి, ఆ తరువాత కర్మాగారంలో తయారైన ఇనుమును తిరిగి చేర్చడం వింతగా తోచినా, లక్షల ఇళ్లకు ఏదో ఒకటి వెంటనే చేరవేయాలంటే దానికి సులువైన దారి అదేనన్న వాదనను తోసిపుచ్చలేము. అయితే పీచు, మెగ్నీషియం వంటివి ఆ గింజలలో లేవు. ప్రతి పూటా ఒకే ధాన్యం తినే అలవాటును కూడా ఆ పథకం మార్చదు.

తవుడు తీయని ముడిబియ్యాన్నే పంచవచ్చు కదా అన్న ప్రశ్న సహజంగా వస్తుంది. తవుడులోని నూనె గాలి తగిలి నిలవాసన కొడుతుంది, పురుగు త్వరగా పడుతుంది, గోదాములలో నెలల తరబడి నిల్వ చేసే ధాన్యానికి అది పెద్ద అడ్డంకి. ఉడకడానికి ఎక్కువసేపు పడుతుంది కనుక వంటచెరకు లేదా గ్యాస్ ఖర్చు పెరుగుతుంది. వీటన్నిటికీ మించి, తెల్లని అన్నం తినడం తరతరాలుగా పెద్దరికానికి గుర్తుగా నిలిచిపోయింది.

ఈ చిక్కులలో చాలావాటిని రాగి తనంతట తానే తప్పించుకుంటుంది. రాగిగింజ ఎంత చిన్నదంటే దాని పైపొరను లోపలి పిండి నుంచి వేరు చేయడం మామూలు మరకు సాధ్యం కాదు. పిండిమరలో పోస్తే పొరతో సహా మొత్తం గింజ పిండి అవుతుంది. అందువల్ల పల్లెలో పట్టించుకున్న రాగిపిండి, ఎవరూ ప్రత్యేకంగా ప్రయత్నించకుండానే, ముడిధాన్యపు పిండి. గింజగా ఉంచితే పురుగు అంత తేలికగా పట్టదు. పాతరలలో పోసి కరువు కాలానికి దాచిన ధాన్యాలలో రాగి ముందుండేది ఇందుకే. కొర్ర, సామ, అరిక, వరిగ కథ వేరు. వాటికి గట్టి పొట్టు ఉంటుంది, ఆ పొట్టు ఊడగొడితే తప్ప వండుకోలేము. ఒకప్పుడు ఆ పని రోకలితోను ఇసుర్రాయితోను ఆడవాళ్లు చేసేవారు. పొద్దున పొలానికి పోవలసిన మనిషి తెల్లవారకముందే లేచి దంచి, చెరిగి, మళ్లీ దంచి ఒక పూటకు సరిపడా గింజలు తీయడమంటే ఏమిటో ఆ రోకలి పట్టినవారికే తెలుసు. చౌకబియ్యం ఇంటికి రాగానే చిరుధాన్యాలు వంటింటి నుంచి మాయం కావడాన్ని అభిరుచి మారడంగా చెబుతుంటారు. ఆ మార్పులో పెద్ద భాగం ఈ వెట్టి నుంచి విడుదల అనడం న్యాయం. పూర్వపు తిండి గొప్పదనాన్ని పొగిడేవారు ఆ శ్రమను లెక్కలో చూపకపోవడం అన్యాయం. రాగికి పిండిమర ఒక్కటి చాలు కాబట్టి అది నిలిచింది.

అది నిలిచిన తీరు కూడా ఉమ్మడి చిత్తూరు జిల్లా అంతటా ఒక్కటి కాదు. కర్ణాటకలోని కోలారు వైపు ఎత్తుగా సాగిపోయే కుప్పం, పలమనేరు, పుంగనూరు ప్రాంతాలలో రాగిసంగటి నేటికీ రోజువారీ తిండి. తూర్పున స్వర్ణముఖి నీరు పారే శ్రీకాళహస్తి వైపు, సత్యవేడు వైపు వరి ఎప్పటినుంచో ప్రధానమైన పంట, అన్నమే ప్రధానమైన ఆహారం. పడమటి మెట్టలో రాగిని మరచిపోకుండా చూడడం చాలు. తూర్పు మండలాలలో దానిని వంటింట్లోకి కొత్తగా తీసుకురావాలి. రెండు చోట్లా ఒకే ప్రచారం చేయడం వలన ప్రయోజనం తక్కువ. తిరుపతికి సమీపంలోని పెరుమాళ్లపల్లె వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి తిరుమల, వకుళ వంటి రాగి రకాలు విడుదలైనాయి కనుక విత్తనం దూరం నుంచి తేవలసిన అగత్యమూ లేదు.

ఇక రాగిలో ఉన్నదేమిటి అన్నది అంకెలతో చూడవలసిన విషయం. జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగులలో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియం, 11 గ్రాముల పీచు, 4.6 మిల్లీగ్రాముల ఇనుము ఉంటాయి. అంతే తూకం పాలిష్ బియ్యంలో కాల్షియం 7.5 మిల్లీగ్రాములు, పీచు 2.8 గ్రాములు, ఇనుము 0.65 మిల్లీగ్రాములు మాత్రమే. పెద్దవారికి రోజుకు కావలసిన కాల్షియం 1000 మిల్లీగ్రాములు. నూరు గ్రాముల పిండి పడిన సంగటిముద్ద అందులో మూడోవంతుకు మించి సమకూర్చగలదు. పాలు కొనలేని ఇంటికి ఇది చిన్న విషయం కాదు. మాంసకృత్తుల విషయంలో మాత్రం రాగి బియ్యాన్ని మించదు, ఒక పిసరు తక్కువే. ఇనుము సంగతిలోనూ జాగ్రత్తగా మాట్లాడవలసి ఉంది. స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలన్నది 2020 నాటి సిఫారసు. నూరు గ్రాముల రాగి అందులో ఆరోవంతు కూడా ఇవ్వదు. పైగా గింజ పైపొరలో ఫైటేట్లు, టానిన్లు అనే పదార్థాలు ఉండి ఆ ఉన్న ఇనుములో చాలా భాగాన్ని పేగు పీల్చుకోకుండా కట్టివేస్తాయి. రాగి తింటే రక్తం పడుతుందని గోడల మీద రాసినంత సులువుగా ఆ పని జరగదు.

ఆ కట్టును సడలించే ఉపాయాలు పాత వంటలలోనే ఉన్నాయి. రాగిపిండిని కాచి, రాత్రంతా పులియబెట్టి, తెల్లవారి మజ్జిగ, ఉల్లిపాయ కలిపి తాగే అంబలిలో ఫైటేట్లు గణనీయంగా తగ్గుతాయి. నానబెట్టి మొలకెత్తించినా అదే జరుగుతుంది. భోజనంలో నిమ్మరసం, భోజనం తరువాత జామకాయ లేదా ఉసిరికాయ వంటి పులుపులో ఉండే సి విటమిను ఇనుము ఒంటపట్టడానికి తోడ్పడుతుంది. తిన్న వెంటనే తాగే టీ దానికి సరిగ్గా విరుద్ధంగా పనిచేస్తుంది. అంబలి స్థానంలో పొద్దున్నే టీ, బన్ను వచ్చిన చోట రెండు విధాలా నష్టమే జరుగుతోంది. ఈ ఒక్క మార్పు మీద ఆరోగ్య కార్యకర్తలు మాత్రల పంపిణీపై పెట్టినంత శ్రద్ధలో సగం పెట్టినా మేలే.

సంగటి ఎన్నడూ ఒంటరి తిండి కాదు. నూకలు ఉడికించి, రాగిపిండి వేసి, తెడ్డుతో గెలికి, ముద్ద చేసి పెట్టేటప్పుడు దాని పక్కన చెనిగ్గింజల, అంటే వేరుశనగల, ఊరిబిండి పచ్చడి గాని, ఆకుకూర పప్పు గాని, అనపగింజల పులుసు గాని ఉండేది. సంక్రాంతి రోజుల్లో పితికిపప్పు, కలిగినప్పుడు నాటుకోడి పులుసు. ధాన్యాలలో లైసిన్ అనే ఆవశ్యక అమినో ఆమ్లం తక్కువ, పప్పుగింజలలో అది సమృద్ధిగా ఉంటుంది. రెండూ కలిసినప్పుడు వాటి మాంసకృత్తులు శరీరానికి మరింత బాగా పనికివస్తాయి. ఈ కలయిక విస్తరి కంటే ముందు పొలంలో ఉండేది. వర్షాధారపు వేరుశనగ చేనులో కంది, అనప, అలసంద, జొన్న సాళ్లు వేయడం ఇక్కడి మెట్టరైతు పద్ధతి. వేరుశనగ అమ్మకానికి, సాళ్లలో పండినది ఇంటికి. బోర్లు లోతుకు పోయి, కూలి పెరిగి, మెట్టచేలు తోతాపురి మామిడి తోటలుగా మారినకొద్దీ ఆ సాళ్లు తగ్గాయి. తోట ఆదాయం పెంచిన మాట నిజమే, కాని ధర పడిపోయిన ఏడాది ఇంట్లోకి రావలసిన కందులు, అనపలు కూడా డబ్బు పెట్టి కొనవలసినవే. పేద ఇంట్లో మొదట తగ్గేది పప్పు. అన్నం గాని సంగటి గాని తగ్గదు. 2024లో వచ్చిన జాతీయ ఆహార మార్గదర్శకాలు రోజువారీ శక్తిలో ధాన్యాల వాటా 45 శాతానికి మించకూడదని చెబుతున్నాయి. అన్నం తీసి అంతే కొలతలో సంగటి పెట్టి, పక్కన పలుచని పచ్చిపులుసు పోసిన భోజనం ఈ కొలమానం మీద నిలవదు.

పసిపిల్లల విషయంలో ఇంకొక చిక్కు ఉంది, దానికి పరిష్కారమూ రాగిలోనే ఉంది. ఏడాదిలోపు బిడ్డ పొట్ట చాలా చిన్నది. పిండి ఎక్కువ వేస్తే జావ గట్టిపడి మింగుడుపడదు, తక్కువ వేస్తే కడుపు నీళ్లతో నిండుతుంది గాని శక్తి చాలదు. మొలకెత్తిన రాగిలో పుట్టే అమైలేజ్ అనే ఎంజైము పిండిపదార్థాన్ని చిన్నచిన్న ముక్కలుగా విడగొట్టి జావను పలచబరుస్తుంది. అందువల్ల అదే పలుచదనంలో ఎక్కువ పిండి ఇమిడిపోతుంది, బిడ్డ ప్రతి చెంచాకూ ఎక్కువ శక్తి పొందుతుంది. రాగులను రాత్రంతా నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలక రాగానే ఆరబెట్టి, సన్నని సెగపై కొద్దిగా వేయించి పట్టిస్తే చాలు. మాడేలా వేయిస్తే ఎంజైము నశించి, మొలకెత్తించిన శ్రమలో చాలా భాగం వృథా అవుతుంది. అంగన్‌వాడీల ద్వారా గర్భిణులకు, బాలింతలకు రాగిపిండి, అటుకులు, బెల్లం, వేరుశనగ చిక్కీ ఇస్తున్నారు. ఆ పిండి మొలకెత్తించినదైతే ఖర్చు పెద్దగా పెరగకుండానే దాని విలువ పెరుగుతుంది.

తిరుపతి హోటళ్లలో రాగిసంగటి ఇప్పుడు యాత్రికులు అడిగి తినే ప్రత్యేక వంటకం. అంకాపూర్ కోడికూరకు, ఉలవచారుకు వచ్చినట్లే దానికీ గిరాకీ వచ్చింది. ఆ గిరాకీ రైతుకు కొంత మేలు చేస్తే సంతోషమే. కాని దుకాణాలలో చిరుధాన్యాల పేరిట అమ్ముడయ్యేవన్నీ ముడిధాన్యాలు కావు. పాలిష్ పట్టి తెల్లగా చేసిన కొర్రబియ్యం, సామబియ్యం పీచును, బి విటమినులను పోగొట్టుకున్నవే. ముతకగా, కొంచెం మసకగా కనిపించే గింజే మేలు. రాగి బిస్కట్టు పొట్లం వెనుక మొదటి పదార్థం మైదా అయితే ముందు వైపు బొమ్మకు అర్థం లేదు. మెత్తగా పట్టించిన పిండితో పలుచగా కాచి బెల్లం కలిపిన జావ త్వరగా జీర్ణమై రక్తంలో చక్కెరను వేగంగా పెంచుతుంది. మధుమేహం ఉన్నవారికి అదే పిండితో చేసిన గట్టి సంగటి, పప్పు, ఆకుకూరతో కలిపి మితంగా తినడమే మెరుగు. రాగి అన్నంత మాత్రాన ఎంతైనా తినవచ్చునన్న నమ్మకం డాక్టరు గదిలో నిత్యం ఎదురయ్యే చిక్కులలో ఒకటి.

అసలు ప్రశ్న ధర. 2013 నాటి జాతీయ ఆహార భద్రత చట్టం కింద తలకు నెలకు ఐదు కిలోల ధాన్యం అందుతుంది, 2023 జనవరి నుంచి అది ఉచితం. నలుగురున్న ఇంటికి ఇరవై కిలోల బియ్యం పైసా ఖర్చు లేకుండా వస్తుంది. అందులో నాలుగోవంతుకు బదులుగా ఐదు కిలోల రాగులు తినాలంటే, 2025-26లో క్వింటాలుకు 4,886 రూపాయలుగా ఉన్న మద్దతు ధరనే లెక్కకు తీసుకున్నా, నెలకు సుమారు 245 రూపాయలు చేతినుంచి పెట్టుకోవాలి. చిల్లర దుకాణంలో ఆ పిండి ఇంకా ఖరీదు. అదే డబ్బుకు పప్పు కొనాలా, రాగులు కొనాలా అన్న స్థితిలో ఉన్న ఇల్లాలు పప్పు కొంటే తప్పు పట్టడానికి లేదు. ఉచితంగా వచ్చే ఒక ధాన్యం పక్కన డబ్బు పెట్టి కొనవలసిన మరొక ధాన్యం గురించి అవగాహన సదస్సులు పెట్టడం వల్ల బ్యానర్లు కట్టేవారికి తప్ప మరెవరికీ పెద్దగా ఉపయోగం ఉండదు.

చట్టం అందుకు అడ్డు రాదు. బియ్యం, గోధుమలతో పాటు ముతకధాన్యాలను కూడా ఆ చట్టం మొదటినుంచీ పేర్కొన్నది. 2018లో కేంద్రం వాటి పేరును పోషకధాన్యాలుగా మార్చింది, 2023ను ఐక్యరాజ్య సమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. కుప్పం సరిహద్దు దాటితే కర్ణాటక ప్రభుత్వం దక్షిణ జిల్లాలలో రాగులను మద్దతు ధరకు కొని చౌకదుకాణాలలో పంచుతోంది. రాయలసీమలోనూ బియ్యంలో కొంత భాగానికి బదులు రాగులు, జొన్నలు ఇచ్చే ప్రయత్నాలు జరిగాయి. బడి పిల్లలకు రాగిజావ 2023 మార్చిలో మొదలైంది. ఇవి నిలబడాలంటే కొనుగోలు కూడా ఇక్కడే జరగాలి. పలమనేరు, పుంగనూరు రైతు పండించిన రాగిని కోతల వేళకే మండల కేంద్రంలో మద్దతు ధరకు కొంటే, అతడు మళ్లీ ఏడాది ఆ పంట వేస్తాడు. కొనేవాడు లేక దళారికి అమ్ముకున్న రైతు టమాటాకో మామిడికో మళ్లుతాడు. రాగికి వరికి కావలసిన నీటిలో మూడోవంతు చాలు కనుక, బోరు మీద ఆధారపడిన మెట్టలో దానిని వదులుకోవడం నీటి లెక్కలోనూ నష్టమే.

కొన్న ధాన్యాన్ని పిండిగా కాక గింజగా నిల్వ చేయడం మేలు. పట్టించిన పిండి వారాలలోనే చేదెక్కుతుంది, గింజ మాత్రం నెలలు, సంవత్సరాలు నిలుస్తుంది. బడులకు, అంగన్‌వాడీలకు దూరపు కర్మాగారం నుంచి పొట్లాలు తెప్పించే బదులు మండలానికొక పిండిమరను మహిళా సంఘాలకు అప్పగించి, పదిహేను రోజులకొకసారి పట్టించి పంపితే, తాజాదనమూ నిలుస్తుంది, కూలీ డబ్బులూ ఊళ్లోనే ఉంటాయి. అదే పిండిమర గదిలో కొర్రలు, సామల పొట్టు తీసే చిన్న యంత్రం కూడా పెట్టి, పాలిష్ పట్టకుండా ఒక్కసారి మాత్రమే పొట్టు తీయించే కట్టుబాటు ఉంటే, రోకలితో పాటు అటకెక్కిన ఆ గింజలు రోకలి లేకుండానే వంటింటికి తిరిగి రాగలవు.